మే నెలలో ప్యాకెట్ పాలు

న్యూజిలాండ్ వైకాటో ప్రాంతంలో 500 ఆవులున్న ఫారంలో పాలు పితికే పని నాది. సెలవు దొరికేది మే చివర్లోనే, ఆవులన్నిటికీ ఒకేసారి పాలు ఆపేశాక. అక్కడ అప్పుడు చలి మొదలవుతుంది, గడ్డి అంతగా పెరగదు. పైగా ఈతకు ముందు రెండు నెలలు పొదుగుకు విశ్రాంతి ఉండాలి.

అమలాపురం దగ్గర మా ఊరు చేరేసరికి మా గేదె కూడా వట్టిపోయి ఉంటుంది. సీజన్లో రోజుకు వేల లీటర్లు పితికేవాడికి అమ్మ ప్యాకెట్ పాలతో టీ ఇస్తుంది!

ఎండల్లో గేదె సరిగ్గా ఎదకు రాదు, వచ్చినా అరవదు, మనకు తెలియదు. చలి పడ్డాక చూలు కట్టి, పది నెలలు మోసి, వానల్లో ఈనుతుంది. ఈనిన నెలన్నర, రెండు నెలలకు పాలు బాగా పెరిగి, తర్వాత తగ్గుతూ పోతాయి. కాలువలు కట్టేసి, పచ్చిమేత లేక వరిగడ్డితో నెట్టుకొచ్చే రోజులకు మిగిలేది చెంబుడు పాలే. పెళ్లిళ్లూ అప్పుడే, పెరుక్కి తిప్పలూ అప్పుడే.

న్యూజిలాండ్‌లో ఎప్పుడు ఈనాలన్న లెక్క మనుషులది. అక్టోబరులో చూలు కట్టే సూదులు వేయిస్తే జూలై మధ్య నుంచి ఈనడం మొదలు. పాలు పొంగే వేళకు వసంతం వచ్చి పచ్చిక ఏపుగా పెరుగుతుంది.

కానీ ఆ జూలై, ఆగస్టు నెలలు నిద్ర ఉండదు. ఒక్కో రోజు ఇరవై దాకా ఈనుతాయి. మొదటి ఏడాది ఓ తెల్లవారుజామున, వానలో, ఈనిన ఆవు మెడ డొక్క వైపు తిప్పుకుని పడి ఉంది. చెవులు ఐసు ముక్కల్లా ఉన్నాయి. పాలజ్వరమట. పేరుకే జ్వరం, ఒళ్లు చల్లబడుతుంది. రక్తంలోని కాల్షియం ఒక్కసారిగా పాలలోకి లాగేసుకుంటే అలా అవుతుంది. మా సూపర్‌వైజరు కాల్షియం సీసా వేడినీళ్లలో పెట్టి, మెడ నరంలోకి నెమ్మదిగా ఎక్కించాడు. తొందరపడితే గుండె ఆగిపోతుందన్నాడు. కాసేపటికి ఆవు వణికి, త్రేన్చి, లేచి నిలబడింది. నా టెన్షన్ మాత్రం మధ్యాహ్నం దాకా తగ్గలేదు.

దూడను ఒక్క రోజులోనే విడదీస్తారంటే అమ్మ నమ్మదు.

"మరి దూడ లేకుండా ఎలా చేపుతున్నాయిరా?"

"మెషీన్‌కి అలవాటు పడిపోయాయమ్మా."

"పాపం కాదూ?"

జవాబు చెప్పలేక టీ తాగేస్తాను.

మొదటి నాలుగు రోజుల పాలు ట్యాంకులో కలపకుండా, బకెట్లకు బకెట్లు దూడలకే పోస్తాం. ఓసారి రెండు లీటర్లు తెచ్చి, బెల్లం, మిరియాలు వేసి జున్ను ఉడికించాను. రూమ్‌లోని ఫిలిప్పీన్స్ కుర్రాడు వద్దంటూనే రెండు ముక్కలు లాగించాడు. కానీ గేదె జున్ను గట్టిదనం దానికెక్కడిది?

ఈసారి మా గేదె ఆగస్టులో ఈనుతుంది. నా తిరుగు టికెట్టు జూన్ చివరికి. ఆరేళ్లయింది మన ఇంటి జున్ను తిని అంటే, అమ్మ తవుడు కలుపుతూనే అంది: "అయితే నీ టికెట్టు చూసుకుని ఈనమని దానికి చెప్పమంటావేంటి?"