బూందీ ఆపరేషన్ తర్వాత: వాపు, కుట్లు, కోన్, మధ్యలో అత్తమ్మ పసుపు డబ్బా

ఆడకుక్కని పెంచుకుంటున్నాం అనగానే మనోళ్ళు అడిగే మొదటి ప్రశ్న "పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించారా" అని, అయిపోయింది అంటే ఇంక టాపిక్ అక్కడితో క్లోజ్. తర్వాత ఇంట్లో ఏం జరుగుతుంది, ఏ వాపు చూసి భయపడాలి, ఏది వదిలేయొచ్చు అనేది మాత్రం ఎవరూ చెప్పరు. మేం కాస్త గట్టిగానే పడ్డాం కాబట్టి రాస్తున్నా, రేపు ఎవరికైనా అర్ధరాత్రి పనికొస్తుంది.

మా బూందీ ఇండీ, అంటే మన నాటు కుక్కే, మా నేరేడ్‌మెట్ గల్లీలోనే పుట్టింది. మొదటి హీట్ (ఎదకి రావడం) అయ్యాక రెండు మూడు నెలలు ఆగి చేద్దాం అన్నారు డాక్టర్, ఎందుకంటే హీట్ టైంలో, అది అయిన కొత్తలో గర్భసంచి దగ్గర రక్తనాళాలు ఉబ్బి ఉంటాయంట, కోస్తే బ్లీడింగ్ ఎక్కువ అవ్వొచ్చంట. సరే ఆగాం. తీరా డేట్ దగ్గరకొచ్చాక బ్లడ్ టెస్ట్ చేయిస్తే ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయి ఉన్నాయి. డెంగ్యూ పుణ్యమా అని హైదరాబాద్‌లో ప్లేట్‌లెట్స్ అంటే తెలియని ఇల్లు లేదు కదా, మా ఇంట్లో అందరికీ గుండె జారింది. కుక్కలకి మామూలుగా రెండు లక్షల పైనే ఉండాలి. తేలిందేంటంటే టిక్ ఫీవర్, ఎర్లీకియా అనే రకం. ఒంటి మీద ఒక్క పిడుదు కనపడలేదు, తింటోంది, ఉరుకుతోంది, పక్కింటి పిల్లితో తగాదాలు పెట్టుకుంటోంది, లోపల మాత్రం ఇది. ఆ రిపోర్ట్ చూడకుండా కోసి ఉంటే రక్తం గడ్డ కట్టక టేబుల్ మీదే ప్రాణం మీదకొచ్చేది. కాబట్టి "యంగ్ డాగే కదమ్మా, టెస్టులు ఎందుకు" అని ఎవరన్నా అంటే వినకండి, అడిగి మరీ చేయించుకోండి, ముఖ్యంగా మన ఊళ్ళో. నాలుగు వారాలు డాక్సీ (డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్) వాడి, మళ్ళీ టెస్ట్ చేయించి, కౌంట్ పెరిగాకే చేయించాం. ఆ డాక్సీ నడిచినన్ని రోజులు మాత్రకి దగ్గర్లో పాలు పెరుగు వద్దన్నారు, మందు సరిగ్గా ఒంటికి పట్టదంట. పెరుగన్నం లేని జీవితం బూందీకి శిక్షే, గిన్నె వాసన చూసి మా మొహం చూసేది.

ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రం ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక చీటీ, మందుల కవర్ పెట్టి "ఏం కాదమ్మా" అన్నారు. ఈ "ఏం కాదు" మీద నాకు పెద్ద కంప్లైంట్ ఉంది. ఏం కాకపోతే సంతోషమే, కానీ ఏం అయితే మీకు ఫోన్ చేయాలో చెప్పండి సార్, ఆ ఫోన్ రాత్రి తొమ్మిది తర్వాత ఎత్తుతారా లేదా చెప్పండి. (ఎత్తలేదు.)

మొదటి రాత్రి అందరూ భయపడతారు. మత్తు దిగుతున్నప్పుడు కుయ్ కుయ్‌మని ఏడుస్తుంది, వణుకుతుంది, కళ్ళు తెరిచే ఉంటాయి కానీ మనల్ని గుర్తుపట్టనట్టు చూస్తుంది, దాంట్లో చాలా వరకు మత్తు పనే. సోఫా మీద కాకుండా కింద బొంత పరిచి పడుకోబెట్టాలి, లేకపోతే తూలి పడిపోతాయి. దుప్పటి కప్పాలి, ఎందుకంటే మత్తులో ఒళ్ళు చల్లబడుతుంది. గొంతులో ట్యూబ్ వేసి ఉంటారు కాబట్టి ఒకట్రెండు రోజులు కాస్త దగ్గు కూడా ఉండొచ్చు. ఆ రాత్రి అసలు చూడాల్సింది చిగుళ్ళు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకి రావాలి. చిగుళ్ళు పాలిపోయి తెల్లగా ఉన్నా, పొట్ట ఉబ్బుతున్నా, లేపితే లేవలేకపోతున్నా లోపల రక్తం కారుతోందేమో అని అనుమానించి అప్పటికప్పుడు బయల్దేరాలి, పొద్దున దాకా ఆగేది కాదు. అందుకే ముందు రోజే, ఇది ఆరోగ్యంగా ఉన్నప్పుడు చిగుళ్ళ రంగు ఎలా ఉందో చూసి పెట్టుకోమంటాను, కొన్ని కుక్కలకి అక్కడ నల్ల మచ్చలుంటాయి, బూందీకి సగం నలుపే, నొక్కడానికి చోటు వెతుక్కోవాలి.

ఆ రాత్రి దాటింది, మర్నాడు తిన్నది, అమ్మయ్య అనుకున్నాం. మూడో రోజో నాలుగో రోజో కుట్ల కింద వాపు కనిపించింది, పెద్ద నిమ్మకాయంత. అత్తమ్మ చూసి "గిదేంది బిడ్డా, గింత ఉబ్బింది, చీము పట్టినట్టుంది, జర పసుపు పెట్టి కట్టు కట్టరాదు" అని పసుపు డబ్బా పట్టుకునే వచ్చింది. పసుపు గొప్పదే అత్తమ్మా, కూరలో. కుట్ల మీద పొడి పోస్తే తడికి అట్ట కట్టి కింద ఏం జరుగుతోందో కనపడదు, పైగా అది నాకేస్తుంది.

అది చీము కాదు, సిరోమా. చర్మానికి, దాని కింద కండకి మధ్య కోసి విడదీసిన చోట కాస్త ఖాళీ మిగులుతుంది, కుక్క గెంతుతుంటే ఆ రెండు పొరలు రాసుకుని ఆ ఖాళీలోకి నీరు ఊరుతుంది. మెత్తగా ఉంటుంది, ముట్టుకుంటే కదులుతుంది, వేడి ఉండదు, పెద్దగా నొప్పి ఉండదు, వాసన రాదు, కుక్క హాయిగా తింటుంటుంది. చాలా వాటికి కదలిక తగ్గిస్తే రెండు మూడు వారాల్లో ఒళ్ళే దాన్ని పీల్చేసుకుంటుంది. సూదితో తీసేయమని మా ఆయన పట్టుబట్టాడు, డాక్టర్ వద్దన్నారు, తీస్తే మళ్ళీ నిండుతుంది, పైగా సూది వెంట లోపలికి ఇన్‌ఫెక్షన్ పోయే ఛాన్స్. కాకపోతే ఒకటి, లోపలి కండ కుట్లు వదిలి కొవ్వో పేగో చర్మం కిందకి జారినా బయటికి అచ్చం ఇలాగే మెత్తని వాపులా ఉంటుంది. అందుకని ఫోటో పంపి సరిపెట్టుకోకుండా డాక్టర్ చేత్తో తడిమి చూడాల్సిందే, అవసరమైతే స్కాన్. తర్వాత రోజూ ఒకే టైంకి, ఒకే లైట్ కింద, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీసేదాన్ని. మనసుకి పెరిగినట్టే అనిపిస్తుంది, ఫోటోలో బిళ్ళతో పోలిస్తే తగ్గుతోంది అని తెలిసేది. ఆ ఫోటోలే తర్వాత వేరే డాక్టర్‌కి కూడా పనికొచ్చాయి.

కోన్, అదే కుట్లు నాకకుండా మెడ చుట్టూ తొడిగే గరాటు లాంటిది, దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. తలుపుకి ఒక దెబ్బ, ఫ్రిజ్‌కి ఒక దెబ్బ, మన మోకాలి వెనక ఒక దెబ్బ. నీళ్ళ గిన్నె నేల మీద పెడితే కోన్ అంచు నేలకి తగిలి మూతి గిన్నెలోకి పోదు, దాహంతో నిలబడి చూస్తుంటుంది పాపం. గిన్నెని పీట మీద పెడితే తాగింది. పగలు మనం కళ్ళ ముందు ఉన్నప్పుడు పాత టీషర్ట్ వేసేవాళ్ళం, ముందు కాళ్ళు చేతుల్లోంచి తీసి, కింది అంచు నడుం మీదకి లాగి ముడి వేస్తే పొట్ట కప్పుకుంటుంది, ఒంటికి పోయేటప్పుడు ముడి విప్పితే చాలు. రాత్రి మాత్రం కోనే. జాలిపడి తీసేస్తే నాలుక పది నిమిషాల్లో చేసే నష్టం పది రోజులకి మానదు, "కుక్క నాకితే పుండు మానుతుంది" అనే మాట ఎవరు పుట్టించారో కానీ వాళ్ళకి కుట్లు పడి ఉండవు.

ఇంత జాగ్రత్త పడ్డా బోనాల ఆదివారం దెబ్బ పడింది. గల్లీలోకి డప్పులు, పోతరాజు, వెనకాల డీజే బండి. బూందీ అదిరిపోయి దివాన్ కిందకి దూరింది, కోన్ ఇరుక్కుంది, వెనక్కి గుంజుకుంది, బయటికి వచ్చేసరికి టీషర్ట్ మీద ఎర్రనీళ్ళు. కుట్ల కింది కొస రెండు అంగుళాలు విచ్చుకుంది. మెడికల్ షాప్‌లో దొరికే సెలైన్‌తో శుభ్రమైన గుడ్డ తడిపి దాని మీద కప్పి, పొట్ట చుట్టూ తువ్వాలు వదులుగా కట్టి తీసుకెళ్ళాం. ఒకవేళ లోపలి కండ కూడా తెరుచుకుని ఏదైనా బయటికి వస్తే చేయాల్సింది కూడా అదే, తడిగుడ్డ కప్పి పరుగెత్తడం, లోపలికి నెట్టడానికి అస్సలు ప్రయత్నించకూడదు. ఆపరేషన్ చేసిన చోట ఆదివారం తాళం. కుక్క అనగానే ఆటోవాళ్ళు ఎక్కించుకోలేదు, చివరికి కింది ఫ్లాట్ అన్న కారు తీశాడు, ఊరేగింపుల మధ్య సందులు పట్టుకుని తార్నాక వైపు ఇంకో క్లినిక్‌కి చేరాం.

అక్కడి మేడమ్ నిదానంగా చూసి లోపలి పొర గట్టిగానే ఉంది, చర్మమే విచ్చుకుంది అన్నారు. అంచుల్లో అప్పటికే కాస్త ఇన్‌ఫెక్షన్ ఉంది కాబట్టి మళ్ళీ కుట్టేస్తే లోపల చీము మూసేసినట్టు అవుతుంది, తెరిచే ఉంచి రోజూ కడిగి కట్టు మారుద్దాం అన్నారు. నాకు అర్థం కాలేదు ముందు, తెరిచిన పుండుని అలా వదిలేస్తారా అని. కానీ అలాగే మానింది. రోజూ పొద్దున, సాయంత్రం హాల్లో పెద్ద కార్యక్రమం. మా ఆయన ఫోన్ టార్చ్ పట్టుకోవడం, నేను సూది లేని సిరంజితో సెలైన్ మెల్లగా కొట్టడం, అత్తమ్మ తల దగ్గర కూర్చుని స్టీల్ ప్లేట్‌కి పెరుగన్నం పూసి పట్టుకోవడం (డాక్సీ అయిపోయింది కాబట్టి పెరుగుకి మళ్ళీ పర్మిషన్ వచ్చింది). ప్లేట్ నాకినంత సేపే మాకు టైం, అందుకే అన్నం పల్చగా, అంచుల దాకా పూయాలి, అత్తమ్మకి అందులో ఆర్టు వచ్చేసింది. మొదట్లో పసుపచ్చగా జిగురుగా ఉండేది, కొన్నాళ్ళకి అడుగు నుంచి ఎర్రగా గింజలు గింజలుగా కొత్త కండ పైకి రావడం కనిపించింది. ముట్టుకుంటే చుక్క రక్తం వచ్చేది, అది మంచి గుర్తే అన్నారు మేడమ్. నేనైతే కంటి కన్నా ముక్కునే ఎక్కువ నమ్మాను, వాసన మారితే, నీరు చిక్కబడితే, తిండి మానేస్తే, టెంపరేచర్ 103 దాటితే ఫోన్. కుక్కల ఒళ్ళు మామూలుగానే 101, 102 ఉంటుంది, చేత్తో ముట్టుకుని జ్వరం అనుకోకండి, డిజిటల్ థర్మామీటర్ కొనకి వాజలీన్ రాసి వెనక నుంచి చూడాల్సిందే, మర్యాదలు పక్కన పెట్టి.

మందుల విషయం ఒక్కటి గట్టిగా చెప్తాను. నొప్పితో మూలుగుతోంది కదా అని మన డబ్బాలో డోలో, బ్రూఫెన్, వోవెరాన్ తీసి సగం విరిచి వేయకండి. బ్రూఫెన్ లాంటివి కుక్కలకి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. వాటికి వాడే మెలాక్సికామ్ కూడా బరువుని బట్టి, తిండితోనే, వాంతులైనా మోషన్ నల్లగా వచ్చినా ఆపి అడగాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుండులో పోయకూడదు, వచ్చే కొత్త కండని కూడా కాల్చేస్తాయి.

ఇంకోటి ఈగలు. వానాకాలంలో తడి పుండు మీద ఈగ వాలిందంటే ఒక్క రోజులో పురుగులు పడతాయి. మా ఇంట్లో కిటికీకి దోమల జాలీ ఉంది, ఫ్యాన్ ఉంది, కట్టు మార్చే ముగ్గురు మనుషులున్నారు, అయినా ఇంత తిప్పలు. రోడ్డు మీది వాటికి ఎవరున్నారు. మున్సిపల్ వాళ్ళు పట్టుకెళ్ళి ఆపరేషన్ చేసి, చెవికి చిన్న గాటు పెట్టి, మామూలుగా పట్టుకున్న చోటే మళ్ళీ వదులుతారు. మీ గల్లీలోకి అలా కొత్తగా గాటు పడిన కుక్క వస్తే ఒక వారం పది రోజులు పొట్టా, పక్కా దూరం నుంచే చూడండి (చాలా చోట్ల పొట్ట కింద కాకుండా పక్కన కోస్తారు), తడిగా ఉన్నా వాచినా వదిలిన వాళ్ళకి ఫోన్ చేయండి. మా వీధిలో నల్లదాన్ని నేను, వాచ్‌మన్ భార్య అలాగే చూసుకున్నాం, దానికేం కాలేదు, మా రాణిగారికే అన్నీ అయ్యాయి.

ఇదంతా చదివి అయితే ఆపరేషనే వద్దు అనుకుంటారేమో, నా ఉద్దేశం అది కాదు. మా ఆడపడుచు వాళ్ళ ల్యాబ్రడార్‌కి చేయించలేదు, ఏడెనిమిదేళ్ళకి హీట్ అయిన కొన్ని వారాలకి గర్భసంచి నిండా చీము, పయోమెట్రా అంటారు, విపరీతంగా నీళ్ళు తాగడం, తిండి మానేయడం, ఆ స్థితిలో ఎమర్జెన్సీగా అదే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయించుకోవడానికి, అప్పుడు చేయించుకోవడానికి పోలికే లేదు. తర్వాత తర్వాత కొన్నిటికి నిద్రలో యూరిన్ లీక్ అవుతుందంటారు, పెద్ద జాతుల్లో ఎక్కువ, దానికి మందులున్నాయి. బూందీకి ఇప్పటిదాకా లేదు.

బూందీకి ఉన్న ప్రాబ్లం ఇప్పుడు బరువు. గర్భసంచి, అండాశయాలు తీసేశాక ఒంటికి కావాల్సిన తిండి తగ్గుతుంది, పాతిక శాతం దాకా కోయమన్నారు మేడమ్. నేను కొలిచే పెడుతున్నాను, కప్పు కూడా మార్చాను. అయినా కాటా మీద ముల్లు పైకే పోతోంది. కట్టు మార్చడం ఆగిపోయినా పెరుగన్నం ప్లేట్ మాత్రం ఆగలేదని మొన్ననే తెలిసింది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, "అలవాటైంది బిడ్డా, అడుగుతది" అంట. ఎవరికి అలవాటైందో నేను అడగలేదు, కాటా మాత్రం ఇప్పుడు అత్తమ్మ రూంలో పెట్టాను.