టీసీ కోసం రాసిన అర్జీ

పాత పుస్తకాలు దులుపుతుంటే ఒక మడత కాగితం జారిపడింది. అనంతపురంలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతూ టీసీ కోసం నేను రాసిన అర్జీ. కారణం దగ్గర 'కుటుంబ సమస్యలు' అని ఉంది. అందరూ అదే రాస్తారు.

అసలు కారణం లెక్కలు. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ణి. అవకలనం, సమాకలనం కళ్లు మూసుకుని చేసేవాణ్ణి. ఇక్కడ డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ అని గడగడా చెప్పుకుపోతుంటే, అవి ఇవేనని పోల్చుకునేసరికి బోర్డు తుడిచేసేవారు. అడగడానికి సిగ్గు. నాలుగు సబ్జెక్టులు తప్పాను.

ఆ ఏడాది వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. రీయింబర్స్‌మెంట్ సొమ్ము రాకపోవడంతో నాన్న అప్పు తెచ్చి ఫీజు కట్టారు. ఫోను చేసినప్పుడల్లా "బాగా చదువుతున్నావా నాయనా?" అనేవారు. "ఆఁ, బాగానే" అనేవాణ్ణి. అప్పుకన్నా ఆ అబద్ధమే ఎక్కువ బరువనిపించేది.

అర్జీ తీసుకెళ్తే, మిగిలిన రెండేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు ఆఫీసులో. ఒరిజినల్స్ అలా పట్టి ఉంచకూడదని ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలను నియంత్రించే కేంద్ర మండలి) నిబంధన ఉందట, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పట్టుదలతో చదువు కొనసాగించానని ఇప్పుడు బంధువులు మెచ్చుకుంటారు. నిజానికి బయటపడే దారి లేక ఉండిపోయాను!

నా గదిలోనే ఉండే మిత్రుడు ఒక్క సబ్జెక్టూ తప్పలేదు. వాళ్ల నాన్న మంచాన పడితే మూడో ఏడు మధ్యలో బెంగళూరు బస్సెక్కాడు, పనికోసం. అతనూ అర్జీలో 'కుటుంబ సమస్యలు' అనే రాశాడు.