బర్రె మీద కొంగ

మన బ్యాచ్ మళ్లీ కలుసుకుంటున్న సందర్భంగా కమిటీ తరఫున గ్రెయిన్ (మన పేర్లన్నీ డార్క్‌రూమ్ మారుపేర్లే) ఫోన్ చేసి, "నాలుగేళ్ల జ్ఞాపకాలు రాయి, రెండు పేజీలు చాలు" అన్నాడు. నాలుగేళ్లూ రాయడం నా వల్ల కాదు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ ఆర్ట్ కాలేజీలో నేను నేర్చుకున్నదంతా ఒక్క బర్రె దగ్గర ఉంది. ఏ బర్రె అని మన బ్యాచ్‌లో ఎవరూ అడగరు.

అప్లైడ్ ఆర్ట్‌లో చేరినప్పుడు మనకు ఫొటో అంటే పోస్టర్ లేఅవుట్‌లో ఖాళీ నింపే బొమ్మ. డార్క్‌రూమ్ సార్ వచ్చిన రోజే కెమెరాలన్నీ బీరువాలో పెట్టించి తాళం వేశారు. దసరా సెలవుల దాకా మళ్లీ తీయలేదు. నోట్‌బుక్, పెన్సిల్ పట్టుకుని తిరగమన్నారు. వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీడ ఎక్కడ మొదలై ఎక్కడ పలచబడుతోంది, అదంతా రాసుకురావాలి. క్యాంటీన్ రేకుల కింద రాశాం, మొజంజాహీ మార్కెట్ కమానుల కింద రాశాం. ఫిక్సర్ అయితే ఒకే కమాను మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాసి నోట్‌బుక్ నింపేసింది. "కెమెరా ముట్టుకోకుండా ఫొటోగ్రఫీ ఏంటి?" అని మా నాన్న అడిగేవారు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ చేతకాలేదు.

ఆ తర్వాత వచ్చింది మన అసైన్‌మెంట్. నల్లటి బర్రె, దాని మీద తెల్లటి కొంగ, ఎర్రటి ఎండ. "బర్రె వెంట్రుకలు కనపడాలె, కొంగ ఈకలు కనపడాలె. రెండూ ఒక్క కాగితం మీదనే" అన్నారు సార్. మూసీ ఒడ్డున బర్రెలకు కొదవ లేదు, కొంగలే నిలబడవు. నేనూ బల్బూ బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఉండగా సార్ లూనా మీద వచ్చి మా వెనకే నిలబడ్డారు. నేను వెలుగు కొలిచే మీటరు బర్రె వీపుకు దగ్గరగా పెట్టి చూశాను. నూట పాతికో వంతు సెకనుకు ఎఫ్ 5.6 చూపించింది, అంటే లెన్సు కన్ను అంత తెరవాలని. సార్ నవ్వారు.

"మీటరుకు బర్రె అంటే ఏం తెలుసమ్మా? దానికి బర్రె అయినా సున్నం గోడ అయినా ఒక్కటే. అన్నిటినీ బూడిద రంగు చేద్దామని చూస్తది. బర్రె నల్లగుంటదని నీకు తెలుసు కదా, దానికి నువ్వు చెప్పాలె."

అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి తయారుచేసిన జోన్ సిస్టమ్ నాకు అర్థమైంది ఆ బురదలోనే. కారు నలుపు సున్నా, కాగితపు తెలుపు పది. నడుమ ఉన్నవి కలుపుకుని పదకొండు మెట్లు. మీటరు దేన్ని చూసినా ఐదో మెట్టు మీద కూర్చోబెడుతుంది. వెంట్రుకలు కనిపించే నలుపు మూడో మెట్టు. అంటే లెన్సు కన్ను రెండు స్టాపులు మూయాలి, ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది. ఎఫ్ 11కి తిప్పాను. అలా తిప్పినా కొంగ ఎనిమిదో మెట్టు దాటిపోతుంది, ఈకలు కరిగిపోతాయి. దాన్ని డెవలపర్‌లో, అంటే ఫిల్ము కడిగే మందులో, పట్టుకోవాలి, టైము తగ్గించి. నీడను చూసి ఎక్స్‌పోజర్, వెలుగును చూసి డెవలప్‌మెంట్ అని సార్ బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కనిది, బర్రె తోక నా మొహం మీద బురద చల్లిన ఆ నిమిషంలో ఎక్కింది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాంకు ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ దగ్గర ఏ మీటరు ఉందని సార్ తరచూ అడిగేవారు. ఆయన పోయింది 1905లో. కరెంటుతో వెలుగు కొలిచే మీటర్లు అప్పటికి ఇంకా రాలేదు.

ఇక డార్క్‌రూమ్. డబ్బాలోంచి కత్తిరించుకున్న ఓర్వో ఫిల్ము, డీ-76 డెవలపర్, ఏప్రిల్ ఎండ. డెవలపర్ ఇరవై డిగ్రీలు ఉండాలి, కొళాయి నీళ్లేమో చెయ్యి కాలేలా వచ్చేవి. చెరకు రసం బండి దగ్గర ఐస్ గడ్డ కొని పెద్ద ట్రేలో వేసి, దాని మధ్య డెవలపర్ సీసా నిలబెట్టేవాళ్లం. ఆ ఐస్ డబ్బుల లెక్క ఇప్పటికీ తేలలేదని బల్బు అంటాడు. పావు వంతు టైము తగ్గించి ఫిల్ము కడిగాం. నెగెటివ్ ఎత్తి పట్టుకుని చూస్తే బర్రె ఉన్న చోట ఖాళీ గాజులా లేదు, పల్చగా గీతలు ఉన్నాయి. అవే వెంట్రుకలు.

ప్రింట్లు మాత్రం సార్‌కు నచ్చలేదు. ఒకదానిలో నలుపు తారులా ఉందన్నారు, ఇంకోదానిలో కొంగ గోడకు అతికించిన కాగితంలా ఉందన్నారు. అరచేతులతో వెలుగును అడ్డుకుంటూ, వేళ్ల సందుల్లోంచి కొంగ మీదికి ఇంకాస్త వదులుతూ, ఎర్ర దీపం కింద ఎన్ని సాయంత్రాలు గడిచాయో. చివరికి ఒక ప్రింటు తడి ఆరకుండానే గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూశారు. "ఇగో, ఇప్పుడు బర్రె ఊపిరి తీసుకుంటోంది" అన్నారు. అంత పెద్ద మాట ఆయన మరెవరికీ అనలేదని మీరంతా చాన్నాళ్లు నన్ను ఏడిపించారు. నిజంగానే అనలేదు.

మూడో ఏడు, వాటర్ ట్యాంకు గొడవ, మెరూన్ స్వెట్టర్, అవన్నీ గ్రెయిన్ రాస్తాడు. బాగా రాస్తాడు కూడా.

నేనిప్పుడు చేనేత బట్టలకు ఫొటోలు తీస్తున్నాను, చాలా ఏళ్లుగా ఇదే పని. మొన్న పుట్టపాక తేలియా రుమాళ్లు తీశాను. ఆముదపు కాయల బూడిద కలిపిన నూనెలో దారాన్ని రోజుల తరబడి నానబెట్టి రంగు ఎక్కించే బట్ట. ఎరుపు, నలుపు, తెలుపు ఒకే గుడ్డలో పక్కపక్కనే ఉంటాయి. నలుపులో పోగు పోగూ కనపడాలి, తెలుపు తేలిపోకూడదు. కంప్యూటర్‌లో సరిచేద్దామంటాడు మా కుర్రాడు. వాడికీ మొదటి వారం కెమెరా ఇవ్వలేదు. ఆ ఫొటోలు చూసి నేసిన పెద్దాయన, "నా చేతి పోగు ఇది" అని వేలు పెట్టి చూపించాడు. నాకు అవార్డులు రాలేదు, ఆ మాట వచ్చింది. నా స్టూడియో అద్దె నా ఫొటోలే కడుతున్నాయి, అదీ చెప్పుకోవాలి.

ఫిక్సర్, బల్బు, మిగతా అందరూ, అటకల మీద ఉన్న నెగెటివ్‌లు తీసుకురండి. బూజు పట్టినా సరే, చేత్తో తుడవకండి, గీతలు పడతాయి. స్కానర్ నేను పట్టుకొస్తాను. సార్ వస్తున్నారట కాబట్టి కాంటాక్టు షీట్లు, అంటే నెగెటివ్‌లన్నీ వాటి సైజులోనే ఒక్క కాగితం మీద వేసినవి, కూడా వేయించి పెడదాం. ఆయన స్క్రీన్ మీద చూడరు.