చుక్క పొడిచినా విడవని ఉపవాసం

కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నవాళ్ళు సాయంత్రం చుక్క చూసి, దీపం పెట్టి భోజనానికి కూర్చుంటారు. హాస్టల్లో నా గదిలోనే ఉండే స్నేహితురాలు మాత్రం చుక్క పొడిచాక కూడా కంచం ముందుకు వచ్చేది కాదు. సోమవారానికి శనివారం, ఆపైన ఏకాదశి తోడయ్యాయి. భక్తి ముదిరిందనుకున్నామే తప్ప తిండంటే భయపడుతోందని మాకెవరికీ తట్టలేదు. పైగా "సన్నబడ్డావే, బాగున్నావు" అని మొదట మెచ్చుకున్నది నేనే. (తను సరేనన్న తరువాతే ఇది రాస్తున్నాను.)

తినే రోజుల్లో పప్పన్నాన్ని కంచం అంచులకు నెట్టి, వేళ్ళకంటిన నెయ్యిని పదేపదే తుడుచుకునేది. దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వచ్చేది. అర్ధరాత్రి మాత్రం ఫోనులో వంటల వీడియోలు చూస్తూ ఉండేది. ఆ వింత నాకు చాలాకాలం అంతుబట్టలేదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు సుమారు ఆరు నెలలపాటు సగం తిండే పెట్టి పరిశీలించినప్పుడు వాళ్ళకూ తిండి ధ్యాసే పట్టుకుందని, కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారని చదివాక, ఇది మొండితనం కాదని, ఆకలి మనసును ఆడించే తీరని అర్థమైంది.

అంతకుముందు నేను చేసిందల్లా కాపలా. ముద్దలు లెక్కపెట్టాను, బతిమాలాను, వాళ్ళమ్మకు చెబుతానని బెదిరించాను. ఫలితంగా "ఆఫీసులో తినేశాను" అనే అబద్ధం ఆమెకు అలవాటైంది. చివరికి ఒకరోజు భోజనాల వేళ కాకుండా, డాబా మీద బట్టలు తీస్తూ, "మెట్లెక్కితే ఆయాసపడుతున్నావు, రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు, నాకు భయంగా ఉంది" అని మాత్రమే అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "డాక్టరు దగ్గరికి నువ్వూ వస్తావా?" అని అడిగింది.

జబ్బు పేరేమిటో తేల్చాల్సింది డాక్టరే గానీ మనం కాదు. బరువు మామూలుగా ఉన్నవాళ్ళకూ ఇది ఉండవచ్చు. ఆమెకు రక్తపరీక్షలు, ఈసీజీ చేయించారు. చాలాకాలం పస్తులున్నవాళ్ళకు ఒక్కసారిగా దండిగా తినిపిస్తే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చని, వైద్యుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచాలని చెప్పారు. మన ఇళ్ళలో ప్రేమకొద్దీ చేసేది సరిగ్గా దానికి తలకిందులు. డాక్టరు దాకా వెళ్ళడానికి జంకేవాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ ఏడాది ఉపవాసాలు వద్దన్నారు. మొన్న సోమవారం దీపం పెట్టి ఇద్దరం డాబా మీదే కూర్చుని తిన్నాం. వాళ్ళ ఊరి తిరునాళ్ళ కబుర్లు చెబుతూ ఉంది. ఆమె కంచం వైపు నేను చూడలేదు.