అటక ఎక్కాకే అడ్వాన్సు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇల్లు కొనాలని తిరిగిన రోజుల్లో నా భయమంతా కాగితాల గురించే. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పట్టా, ఈసీ (ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) చదివించుకోవడానికి మామయ్యను వెంటబెట్టుకుని రెండు వారాలు తిరిగాను. ఇల్లు మాత్రం అరగంటలో చూసి వచ్చేశాను. వెడల్పాటి అరుగు, ఎర్రటి కొత్త పెంకులు, గదులన్నిటికీ చెక్క అటక. పడమటి గది అమ్మకని అప్పుడే అనుకున్నాను.

అడ్వాన్సు ఇవ్వడానికి ముందు రోజు మామయ్య ఒక ముసలి వడ్రంగిని తీసుకొచ్చాడు. ఆయన గోడల వైపు చూడనైనా లేదు. "నిచ్చెన ఉందా బాబూ?" అన్నారు.

పైకెక్కి టార్చి వేయబోతే ఆపారు. "కాసేపు చీకట్లో ఉండండి. వెలుగు దూరే చోటే వాన కూడా దూరుతుంది." పెంకుల మధ్య ఎక్కడా వెలుగు లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మాత్రం పడమటి గోడ మీద వాసాలు ఆనిన చోటికి పాక్కుంటూ వెళ్లారు. తాటి వాసాల మీద నల్లటి చారలు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే సగం దాకా దిగింది. పక్కనే గోడలోంచి పెన్సిలంత మట్టి గొట్టం. వేలితో విరిచి నా ముందు పెట్టారు. లోపల తెల్లగా చెదలు కదులుతున్నాయి. "ఖాళీగా ఉంటే పాతదని వదిలేయొచ్చు. ఇవి ఇంకా తింటున్నాయి."

కొత్త పెంకుల కింద పుచ్చిన వాసాలెందుకున్నాయో ఇంటాయన చెప్పారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడా పెంకులు లేచిపోయాయట. పెంకులు మార్చారు, నానిన వాసాలను అలాగే ఉంచేశారు. మోకాళ్ల నొప్పులతో ఆయన మళ్లీ అటక ఎక్కలేదు. దాచారని నేను అనుకోను. మన వైపు తుపాను చూసిన ఏ పెంకుటింటికైనా ఇలా జరగవచ్చు.

వడ్రంగి ఒక్కొక్క వాసాన్నీ సుత్తితో తట్టి, డొల్లగా మోగిన వాటికి సుద్దతో గీత పెట్టారు. మొత్తం ఏడు. ఎలుకలు కొరికిన కరెంటు తీగ కూడా అక్కడే కనబడింది. ఆ ఖర్చు మేరకు ఇంటాయన ధర తగ్గించారు.

రిజిస్ట్రేషను అయిన వారమే వాసాలు దింపించాం. మూడోది నేలకు ఆనగానే నడిమికి విరిగింది. అమ్మ మంచం వేద్దామనుకున్న చోటికి సరిగ్గా పైన ఉన్నది అదే.