ఆ ఇద్దరూ లేకుండా మేం రాం

మా అబ్బాయి హైస్కూల్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్‌లో చేరతానన్నప్పుడు ఇంటికొచ్చిన స్నేహితులు దాదాపు అందరూ ఒకటే అన్నారు: "టెన్నిసో స్విమ్మింగో అయితే బాగుండేది కదా!" తలకి దెబ్బ తగులుతుందన్న భయం నాకూ ఉంది. అది న్యాయమైన భయమే. కానీ ఆ మాటల అడుగున ఇంకో భయం కూడా ఉంది. ఆ ఆటలో పడితే ఎవరితో తిరుగుతాడో, ఎవరి ఇళ్ళకి వెళ్తాడో అన్నది. నల్లజాతి పిల్లల గురించి మనం గొంతు తగ్గించి అనుకునే మాటలు మన పిల్లలకి వినబడవనుకుంటాం. అన్నీ వినబడతాయి. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలకి కూడా అవి బాగానే అర్థమవుతాయి.

అందుకే, శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఈ బే ఏరియాలో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్ళందరికీ 1951 నాటి యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో జట్టు కథ తెలియాలని నాకు గట్టిగా ఉంది.

జెస్యూట్ క్యాథలిక్ ఫాదర్లు నడిపే చిన్న కాలేజీ అది. ఒకపక్క బర్క్‌లీ, ఇంకోపక్క స్టాన్‌ఫోర్డ్ లాంటి పెద్ద జట్లుండగా వీళ్ళ గురించి పట్టించుకునేవాళ్ళు తక్కువ. జట్టు పేరు డాన్స్ (Dons), కోచ్ జో కుహారిచ్. ఆ ఏడాది ఆడిన 9 ఆటలూ గెలిచారు. న్యూయార్క్ వెళ్ళి ఫోర్డ్‌హామ్‌ని 32-26తో ఓడించారు. ఆ ఆటలో ఆలీ మాట్సన్ అవతలి జట్టు తన్నిన బంతిని అందుకుని, అడ్డొచ్చిన అందర్నీ తప్పించుకుంటూ మైదానం ఆ చివరిదాకా పరుగెత్తాడు. అలా ఒక్కసారి కాదు, రెండుసార్లు. సీజన్ మొత్తం మీద బంతితో 1,566 గజాలు పరుగెత్తి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం, రిలేలో రజతం తెచ్చుకున్నాడు. 1951 సీజన్ చివరి ఆటలో డాన్స్ జట్టు లయోలాని 20-2తో ఓడించి, ఓటమి లేకుండా సీజన్ ముగించారు.

జట్టులో నల్లజాతివాళ్ళు ఇద్దరు: టెక్సస్‌లో పుట్టిన మాట్సన్, మెంఫిస్ నుంచి వచ్చిన బర్ల్ టోలర్. మిగతావాళ్ళలో జీనో మార్కెట్టి గురించి మా వాడికి ప్రత్యేకంగా చెప్పాను. అమ్మానాన్నలు ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు, కుటుంబం ఉన్నది మనకి దగ్గర్లోని యాంటియోక్‌లోనే. రెండో ప్రపంచ యుద్ధంలో బల్జ్ పోరు అనే భీకర యుద్ధంలో ఉండి తిరిగొచ్చిన కొడుకు ఫుట్‌బాల్ ఆడుతుంటే దెబ్బలు తగులుతాయేమోనని ఆ తండ్రికి బెంగ. వలస వచ్చిన తల్లిదండ్రులు ఏ దేశంవాళ్ళైనా ఇంతే కాబోలు.

ఓటమి ఎరగని జట్టుకి కొత్త సంవత్సరం రోజున జరిగే బౌల్ ఆటకి, అంటే సీజన్ అయ్యాక మంచి జట్లని పిలిచి ఆడించే పెద్ద ఆటకి, పిలుపు రావాలి. దాని మీద వచ్చే డబ్బు కాలేజీకి చాలా అవసరం కూడా, ఎందుకంటే ఫుట్‌బాల్ ఖర్చు అప్పటికే మోయలేనంత అయింది. కానీ పెద్ద బౌల్‌లు చాలావరకు దక్షిణాది రాష్ట్రాల్లో ఉండేవి, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఆడటం అక్కడ అప్పట్లో గిట్టేది కాదు. మాట్సన్‌నీ టోలర్‌నీ వదిలేసి వస్తే చూద్దామన్నారు బౌల్ నిర్వాహకులు. జట్టు ఒప్పుకోలేదు. పిలుపు రాలేదు. వీళ్ళు ఆడిన ప్రత్యర్థులు గట్టివాళ్ళు కారని ఒక సాకు మాత్రం బయటికి వినిపించింది. ఆ సీజన్ తర్వాత కాలేజీ ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేసింది. అందులోంచి ముగ్గురు, మాట్సన్, మార్కెట్టి, బాబ్ సెయింట్ క్లెయిర్, తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కారు.

భోజనాల దగ్గర ఇదంతా విని మా మామయ్యగారు ఒక ప్రశ్న వేశారు. "ఒరే నాన్నా, ఆ ఇద్దరూ ఒక్క ఆటకి ఆగి ఉంటే డబ్బొచ్చేది, జట్టూ బతికేది కదా?" కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదది. నలుగురి మంచి కోసం ఒకళ్ళిద్దరు సర్దుకోవాలన్న మాట మీదే మన కుటుంబాలు నడిచాయి. మా వాడు కాసేపు ఆలోచించి, "సర్దుకోవాల్సింది ఎప్పుడూ వాళ్ళిద్దరేనా తాతయ్యా?" అన్నాడు. ఆయన ఏమీ అనలేదు, పెరుగన్నం కలుపుకున్నారు. నాకు మాత్రం వాడు ఆ జట్టులో చేరడం మంచిదే అనిపించింది.

టోలర్ సంగతి ఇంకా చెప్పాలి. 1952లో మోకాలు దెబ్బతిని, ప్రొఫెషనల్‌గా ఒక్క ఆట కూడా ఆడలేకపోయాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో టీచరయ్యాడు, ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొట్టమొదటి నల్లజాతి అఫీషియల్‌గా (ఆట నడిపే అంపైర్ లాంటివాడు) మైదానంలోకి దిగాడు. అదే ఏడాది అక్టోబరు 3న ప్రెసిడెంట్ జాన్సన్ మనలాంటివాళ్ళకి తలుపు తెరిచిన కొత్త ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు ఇండియాకి ఏడాదికి 100 మంది కోటా, అదీ 1946 నుంచే. 1923లోనైతే, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తలుపు తెరుచుకోవడం వెనక నల్లజాతివాళ్ళ పౌరహక్కుల పోరాటం ఉంది. మనకి ఇక్కడ ఇళ్ళూ ఉద్యోగాలూ మన చదువువల్లే వచ్చాయని పిల్లలకి చెబుతాం. నిజమే. కానీ ఆ చదువుతో లోపలికి రానిచ్చిన చట్టం ఎవరి పోరాటం వల్ల సాధ్యమైందో చెప్పకపోతే, సగం కథే చెప్పినట్టు.

ఆ యూనివర్సిటీలో ఒక హాస్టల్‌కి జేమ్స్ ఫీలన్ పేరుండేది. ఒకప్పటి శాన్ ఫ్రాన్సిస్కో మేయర్, తర్వాత సెనేటర్. 1920 ఎన్నికల్లో "కాలిఫోర్నియాని తెల్లగానే ఉంచుదాం" అన్న నినాదంతో నిలబడ్డాడు. ఆసియావాళ్ళ వలసంటే గిట్టనివాడు, అంటే మనలాంటివాళ్ళంటే. విద్యార్థులు పట్టుబట్టాక 2017లో ఆ పేరు తీసేసి బర్ల్ టోలర్ హాల్ అని పెట్టారు.

ఇండియా నుంచి ఎవరొచ్చినా మనం గోల్డెన్ గేట్ వంతెన చూపించి, గోల్డెన్ గేట్ పార్కులో ఒక చుట్టు తిప్పి తీసుకొస్తాం. ఈసారి పార్కు ఆగ్నేయ మూలకి కూడా వెళ్ళండి. డాన్స్ జట్టు ఆడిన కేజార్ స్టేడియం అక్కడే. పాతది 1989లో కూల్చి చిన్నది కట్టారు, మైదానానికి సెయింట్ క్లెయిర్ పేరు పెట్టారు. యూనివర్సిటీ కూడా అక్కడికి దగ్గరే. పిల్లలకి టోలర్ హాల్ చూపించి, ఆ గోడ మీద ఇంతకుముందు ఎవరి పేరుండేదో కూడా చెప్పండి.