థైమస్‌లో టీ సెల్స్ ఎప్పుడు డివైడ్ అవుతాయో చూడ్డం: నా అనుభవం

ల్యాబ్‌లో నాకు వచ్చిన పని ఏంటంటే, ఎలుక థైమస్‌లో (రోగాలతో పోరాడే టీ సెల్స్ తయారయ్యే అవయవం) టీ సెల్స్ ఏ స్టేజ్‌లో డివైడ్ అవుతున్నాయో ఫ్లో సైటోమీటర్‌లో (సెల్స్‌కి అంటించిన రంగుల్ని ఒక్కో సెల్‌లో విడిగా కొలిచే మెషిన్) చూపించడం. 4-6 వారాల వయసు ఎలుకలైతేనే మేలు, ఆ తర్వాత థైమస్ మెల్లగా కుంచించుకుపోతుంది. తీసేటప్పుడు పక్కనున్న లింఫ్ నోడ్స్ అంటుకుని రాకుండా చూస్కోవాలి, లేకపోతే వాటిలో ఉన్న మెచ్యూర్ సెల్స్ కలిసిపోయి లెక్కంతా పాడవుతుంది. ఎలుకకి ముందే ఈడీయూ అనే, డీఎన్ఏ ముక్కని పోలిన కెమికల్ ఇంజెక్ట్ చేస్తాం, కొత్తగా డీఎన్ఏ తయారుచేసుకుంటున్న సెల్స్‌లోకి అది చేరిపోతుంది. దాన్ని పట్టుకునే రియాక్షన్‌లో కాపర్ ఉంటే పీఈ అనే ఫ్లోరసెంట్ రంగు చచ్చిపోతుంది కాబట్టి రంగులు ముందే ఆలోచించి పెట్టుకోండి.

సీడీ4, సీడీ8 అనేవి టీ సెల్ పైనుండే రెండు ప్రోటీన్లు, వాటితో ప్లాట్ వేస్తే దాదాపు 80 శాతం డబుల్ పాజిటివ్సే, అంటే రెండూ ఉన్నవే. డబుల్ నెగటివ్స్ (రెండూ లేనివి) 5 శాతం అటూ ఇటూ, మూలన చిన్న మచ్చలా ఉంటాయి, కానీ అసలు సంగతంతా అక్కడే. వాటిని సీడీ44, సీడీ25 అనే ఇంకో రెండు ప్రోటీన్లతో నాలుగు స్టేజీలుగా విడగొడతాం. టీ సెల్ దేన్నైనా గుర్తుపట్టేది తన రిసెప్టర్‌తో (టీసీఆర్), దానికి ఆల్ఫా, బీటా అని రెండు చైన్లు; మూడో స్టేజ్‌లో సెల్ బీటా చైన్ జీన్ ముక్కల్ని అతికించుకుంటుంది, అది కుదిరితే బతికి గబగబా డివైడ్ అవుతుంది, కుదరకపోతే అంతే. నా ప్లాట్‌లో కూడా ఈడీయూ ఆ తర్వాతే ఒక్కసారిగా పెరిగింది, డబుల్ పాజిటివ్స్‌లో మాత్రం ఎక్కువ భాగం చిన్నగా, డివైడ్ అవ్వకుండా ఉన్నాయి. ఎందుకిలా అని ఆలోచిస్తే భలే అనిపించింది, కష్టపడి కుదుర్చుకున్న ఒక్క బీటా చైన్‌ని ముందు బోలెడు కాపీలు చేసుకుని, డివిజన్ ఆగాక ఒక్కో కాపీ విడివిడిగా తన ఆల్ఫా చైన్ తయారుచేసుకుంటుంది, అంటే ఒకే బీటాతో ఎన్నో రకాల రిసెప్టర్లు!

ఒక్క జాగ్రత్త. సీడీ8 మాత్రమే ఉన్న గేట్‌లో (ప్లాట్‌లో మనం గీత గీసి వేరుచేసిన సెల్స్ గుంపు) కూడా ఈడీయూ బాగా కనిపిస్తుంది. అది చూసి మెచ్యూర్ సీడీ8 సెల్స్ డివైడ్ అవుతున్నాయని రాసేయకండి, అందులో డబుల్ పాజిటివ్ అవ్వడానికి ముందు సీడీ8 ఒక్కటే పెట్టుకున్న ఇమ్మెచ్యూర్ సెల్స్ కూడా ఉంటాయి, టీసీఆర్ బీటా స్టెయిన్ వేస్తే తేలిపోతుంది, ఇమ్మెచ్యూర్ వాటిలో తక్కువ, మెచ్యూర్ వాటిలో ఎక్కువ.

సెలెక్షన్‌లో (పనికొచ్చే రిసెప్టర్ ఉన్నవాటినే ఉంచే వడపోత) చాలా సెల్స్ పోతాయి, థైమస్ నుంచి బయటికెళ్ళేవి 5 శాతం కూడా ఉండవు. అయినా డెడ్ సెల్స్ ప్లాట్‌లో పెద్దగా కనపడవు, మాక్రోఫేజ్‌లు (చచ్చిన సెల్స్‌ని తినేసే సెల్స్) వెంటవెంటనే మింగేస్తాయి. చావు లెక్క కావాలంటే క్లీవ్డ్ కాస్పేస్-3 (చచ్చిపోతున్న సెల్స్‌లో కనిపించే ప్రోటీన్) స్టెయిన్ వేరేగా పెట్టుకోవాల్సిందే.